విసిరే చేతికి సెలవు

ఇల్లు, వీధి కిటికీ పక్క మంచం

మరదలమ్మాయికి,

నా మోకాలికి కట్టు కట్టి కూర్చోబెట్టారు. డిపో మెట్లు దిగుతుంటే వెనక నుంచి ఎవరో పిలిచారు, తిరిగి చూశాను. సగం మెట్లు నేను దిగాను, మిగతా సగం అవే నన్ను దింపేశాయి. వానలు తగ్గేదాకా డిపో వైపు చూడొద్దన్నాడు డాక్టరు. నా కుర్చీలో ఇంకెవరినో కూర్చోబెట్టి బస్సుల టైమ్‌టేబుల్ వేయిస్తున్నారట. అది చూస్తే కట్టు విప్పుకుని పరిగెత్తాలనిపిస్తుందని చూడటం మానేశాను.

ఊరికే కూర్చోవడం నాకు చేతకాదని నీకు తెలుసు. ఒక కంప్యూటర్ ఆట కొన్నాను. పేరు చదవగానే ఈ ఉత్తరం పక్కన పడేస్తావేమో, అయినా దాచను. బేస్‌బాల్. కాకపోతే ఇందులో మనం బంతి విసరం, బ్యాటు పట్టం. జట్లనీ ఆటగాళ్ళనీ మైదానాలనీ మనం ఏర్పాటు చేస్తే కంప్యూటరు ఆడేసి ఎవరు గెలిచారో చెబుతుంది. అంటే నా ఉద్యోగమే. నేను బండి నడపను, ఏ బండి ఎప్పుడు ఎక్కడ ఉండాలో చెబుతాను.

తయారుగా ఉన్న లీగులు బోలెడున్నాయి. ఒకరు వేసిన టైమ్‌టేబుల్ మీద పని చేయడం నాకు ఒంటికి పడదు. 'సొంత లీగు' అనే మీట కనిపించింది, నొక్కాను. అప్పటి నుంచి ప్రశ్నల మీద ప్రశ్నలు. ఎన్ని ఊళ్ళు, ఊరికి జనం ఎంత, మైదానం ఎంత, ఏడాదికి కొత్తవాళ్ళు ఎంతమంది రావాలి, పెద్దవాళ్ళు ఏ వయసులో మానుకోవాలి. నాకు ఉద్యోగం ఇచ్చేటప్పుడు కూడా ఇన్ని అడగలేదు. ఎనిమిది ఊళ్ళు పెట్టాను, అన్నీ ఒకే బస్సు రూటు మీద. సముద్రం ఒడ్డున ఉప్పుపేటలో బయలుదేరి, వంతెనూరు, నాపరాళ్ళు, పొగమంచుపాడు, ఇలా ఎక్కుతూ ఎక్కుతూ కొండ మీద చివరిస్టాపు దాకా. ఆడేదంతా ఆడవాళ్ళే. అలా పెట్టుకునే వీలు ఆటలోనే ఉంది. పటం గీసి ఇందులో పెడుతున్నాను, నవ్వకు.

చిక్కంతా గాలి దగ్గర వచ్చింది. ప్రతి మైదానంలోనూ గాలి ఎటు వీస్తుంది, ఎంత వీస్తుంది అని అడుగుతోంది. గాలి చదివి జీతం తీసుకునే మనిషి మన ఇంట్లోనే ఉండగా నేను గుడ్డిగా రాయడం ఎందుకని నిన్ను అడుగుతున్నాను.

ఇంకో సంగతి. బాలికల స్కూలు పెద్ద టీచరు మళ్ళీ ఇంటికి వచ్చారు. పిల్లలున్నారు, బ్యాట్లున్నాయి, నేర్పే మనిషే లేదు, మీ ఆడపడుచు వస్తుందా రాదా అని. సెలవులు అయ్యేలోగా తేల్చమన్నారు. లేకపోతే బేస్‌బాల్ జట్టు ఎత్తేసి, ఆ మైదానంలో సైకిళ్ళ షెడ్డు కడతారట. నేను నచ్చజెప్పడం లేదు, చెప్పమన్నది చెప్పాను. నేను ఈ ఇంటికి వచ్చేసరికే నీ భుజానికి కట్టు ఉంది, మీ అన్నాచెల్లెళ్ళ మధ్య మాట లేదు. ఏం జరిగిందో ఇద్దరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అతని గురించి రాయనని నీకు మాట ఇచ్చాను, రాయను. బట్టలు ఉతకబోతే ఆ ప్యాంటు జేబుల్లోంచి ఇంకా నట్లు రాలుతూనే ఉన్నాయని మాత్రం చెబుతున్నాను. అది బట్టల గురించి.

నీ వదిన

*

కొండ మీద, వాతావరణ కేంద్రం

వదినకి,

మోకాలు జాగ్రత్త. నిన్ను వెనక నుంచి పిలిచింది ఎవరో కనిపెట్టి నువ్వు వాళ్ళ బండి తెల్లవారుజామున వేస్తావని నాకు తెలుసు. వేయి.

ఆ ఆట మాట నా దగ్గర ఎత్తకూడదని ఇంట్లో అందరికీ తెలుసు, నువ్వు ఎత్తావు. సరే. నేను గాలి గురించి మాత్రమే రాస్తాను.

ఉప్పుపేటలో సముద్రం తూర్పున ఉందని గీశావు. పగటిపూట గాలి సముద్రం మీంచి నేల మీదికి వస్తుంది. కొట్టే మనిషిని తూర్పు ముఖంగా నిలబెట్టు. సాయంత్రం ఎండ కళ్ళల్లో పడదు, కొట్టిన బంతి మాత్రం గాలికి ఎదురీదాలి. అక్కడ దూరం కొట్టేవాళ్ళు ఏడుస్తారు, పరుగెత్తేవాళ్ళు బతుకుతారు. వంతెనూరులో నది పొడుగునా గాలి అడ్డంగా వీస్తుంది, బంతిని ఒక పక్కకి తోస్తుంది. పొగమంచుపాడు దగ్గర 'తడి గాలి బరువు, బంతి పోదు' అని రాశావు. అందరూ అలాగే అనుకుంటారు. తడి గాలి నిజానికి తేలిక. బరువైనది చల్లటి గాలి. కాబట్టి పొగమంచు అని కాదు, చలి అని రాయి, లెక్క సరిపోతుంది. చివరిస్టాపులో గాలి పలచన. అక్కడ బంతి కొడితే దిగి రావడం మరిచిపోతుంది. చుట్టూ కంచె బాగా దూరం జరుపు, లేకపోతే నీ కొండమీది జట్టు రోజూ గొప్పలు పోతుంది.

స్కూలుకి నా జవాబు, రాననే. సైకిళ్ళకి కూడా నీడ కావాలి.

ఇక్కడ ఫోను పలకదని నీకు తెలిసిందే. వారానికోసారి సరుకుల జీపు వస్తుంది, దానితోనే ఉత్తరాలు. కేంద్రంలో నేనూ, రేడియో మాస్టారూ ఇద్దరమే. ఆయన నీ పటం చూసి ఏ దేశానిదని అడిగారు. మా వదిన మంచానిది అన్నాను.

నీ మరదలు

*

ఇల్లు, అదే మంచం

మరదలమ్మాయికి,

గాలి గురించి మాత్రమే రాస్తానని చెప్పి నా మైదానాలన్నీ తిప్పి నిలబెట్టేశావు. నువ్వు చెప్పినట్టే మార్చి ఒక్కో ఊళ్ళో కొన్ని ఆటలు ఆడించి చూశాను. ఉప్పుపేటలో బంతులు కంచె దాకా వెళ్ళి వెనక్కి తగ్గుతున్నాయి. చివరిస్టాపులో ఎగిరిపోతున్నాయి. వంతెనూరులో ఒక పక్కే పడుతున్నాయి. నేను ఇన్నేళ్ళుగా రోడ్లు చూసి పని చేసిన మనిషిని. తల పైకెత్తి చూస్తే అక్కడ కూడా రూట్లున్నాయని నాకు ఇప్పుడే తెలిసింది. నీ తలలో ఇంత ఉందని తెలిసినా, చూస్తే వేరు.

ఇప్పుడు ఆటగాళ్ళు. కంప్యూటరే మనుషుల్ని పుట్టిస్తుంది, చూపూ బలమూ వయసూ అన్నీ ఇచ్చి. పేర్లు మాత్రం దానికి చేతకాదు. అందుకని నేనే పెట్టాను. డిపోలో ఎవరు ఎవరిని చాటుగా ఏమంటారో నాకు తెలుసు కదా, ఆ పేర్లన్నీ ఇక్కడ పనికొచ్చాయి. నాపరాళ్ళలో 'ముక్కోపి' ఉంది, వంతెనూరులో 'నిద్రగన్నేరు', ఉప్పుపేటలో 'నత్తనడక'. ఈ నత్తనడక లీగు మొత్తంలో అందరికంటే వేగంగా పరుగెత్తుతుంది. డిపోలో ఆ పేరున్నాయనకి కాస్త న్యాయం జరగాలనిపించింది.

పొగమంచుపాడుకి ఒక పిల్ల వచ్చింది. ఎడం చేత్తో విసురుతుంది, చిన్న మనిషి, ఎదురుగా ఎంతటివాళ్ళు నిలబడ్డా లెక్క చేయదు. 'మిరపగింజ' అని పేరు పెట్టాను. నువ్వూ ఎడం చేతివాటమే అని పెట్టిన తర్వాత గుర్తొచ్చింది. నిజంగానే తర్వాతే.

లీగు రూలు ఒకటి చెబుతాను, నాకు చాలా ఇష్టమైనది. ఏటా వచ్చే కొత్తవాళ్ళలో మొదట ఎంచుకునే హక్కు ఓడిన ఊరిది. డబ్బున్న ఊరిది కాదు. అలాగే ఒక ఊరు ఎంచుకున్న పిల్లని ఆ ఊరు కనీసం రెండేళ్ళు వదులుకోకూడదు. జనం అలవాటు పడాలి కదా.

షెడ్యూలు మాత్రం నీకు చూపించను, అది నా సొంత విద్య. ఒక్క జట్టూ ఒక్క రోజూ ఖాళీగా ఉండదు. ఒక్క బస్సూ ఖాళీగా వెనక్కి రాదు. జట్టులో ఊరికే కూర్చునే మనిషి ఒక్కరూ లేకుండా చూశాను. ఇది వేయడానికి తల ప్రాణం తోకకి వచ్చింది. డిపోలో ఇంత అందమైనది నేనెప్పుడూ వేయలేదు.

మొదలుపెడుతున్నాను.

నీ వదిన

*

కొండ మీద, వాతావరణ కేంద్రం

వదినకి,

గాలి అయిపోయింది. ఇప్పుడు మిగతావి రాస్తాను, మాట తప్పానని ఎవరికీ చెప్పకు.

ఓడిన ఊరికి మొదటి హక్కు అన్న రూలు రెండుసార్లు చదివాను. బస్సులు వేసేటప్పుడు కూడా నువ్వింతే. ఒకసారి నాతో అన్నావు, జనం తక్కువున్న ఊరికి మొదటి బండి వేయాలి, ఎందుకంటే వాళ్ళకి రెండోది ఉండదు కాబట్టి అని. అప్పుడు నాకది ఉద్యోగం మాటలా అనిపించింది. కాదు, నీ మనసే అది. నువ్వు ఒక దేశం నడిపితే అందులో నేను సంతోషంగా పన్ను కడతాను.

పటం గోడకి అంటించాం. రేడియో మాస్టారు ఉప్పుపేట పక్షం వహించారు. ఆయనకి బేస్‌బాల్ ఓనమాలు కూడా తెలియవు. బంతి ఎవరు విసురుతారు, ఎవరు కొడతారు అని చెప్పేసరికి ఒక పూట పట్టింది. ఇప్పుడు నన్నే ఎదురు ప్రశ్నలు అడుగుతున్నారు. "మీ మిరపగింజ మా నత్తనడకని ఆపగలదా?" అని టీ గ్లాసు పట్టుకుని అడిగారు. నాకెందుకో రోషం వచ్చింది. ఇన్నేళ్ళలో ఈ ఆట గురించి నాకు రోషం రావడం ఇదే మొదలు.

మిరపగింజ బంతిని ఎలా వదులుతుంది? పైనుంచా, పక్కనుంచా? అంకెల్లో అది తెలియదు కదా. నా లెక్క ప్రకారం పక్కనుంచి. నా మణికట్టు అలాగే తిరిగేది.

ఫలితాల కాగితాలు పంపు. ఎవరెవరు ఆడారో వివరంగా ఉండేవి. గెలుపోటములొక్కటే నాకొద్దు.

నీ మరదలు

*

ఇల్లు, వంటింటి బల్ల (మంచం నుంచి ఇంతదాకా వచ్చాను)

మరదలమ్మాయికి,

మొదటి కట్ట పంపుతున్నాను. జీపు తొందర, ఎక్కువ రాయను.

పొగమంచుపాడు పట్టికలో అందరికంటే పైన ఉంది. అంతా మిరపగింజ చలవ. దాన్ని ఆపేవాళ్ళు లేరు. చివరిస్టాపులో, ఆ పలచని గాలిలో కూడా ఒక్క బంతీ కంచె దాటనివ్వలేదు. నేను మంచం మీద చప్పట్లు కొట్టాను, పక్కింటివాళ్ళు కిటికీలోంచి తొంగి చూశారు. మీ మాస్టారికి చెప్పు, నత్తనడక కాలు కదపలేకపోయింది.

బట్టల గురించి ఒక మాట. గ్రీజు మరకల చొక్కా ఒకటి ఈమధ్య సాయంత్రాలు నా కుర్చీ వెనకే నిలబడుతోంది. తెర చూసి వెళ్ళిపోతుంది. మిరపగింజ ఆడుతుంటే మాత్రం కదలదు.

పెద్ద టీచరు మళ్ళీ కబురు పంపారు. సెలవులు అయిపోవస్తున్నాయి. నువ్వు రావనే చెప్పాను, కానీ ఆవిడ అది జవాబుగా తీసుకోవడం లేదు.

నీ వదిన

*

కొండ మీద, వాతావరణ కేంద్రం

వదినా,

ఆట ఆపు. ఈ ఉత్తరం చేరగానే, చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి ఆపు.

కాగితాలన్నీ వరసగా పరిచి చూశాను. పొగమంచుపాడు తరఫున బంతి విసిరినవారు, మిరపగింజ. మర్నాడూ మిరపగింజ. మధ్యలో ఒకరోజు ఇంకెవరో, మళ్ళీ మిరపగింజ, మిరపగింజ, మిరపగింజ. జట్టుకి విసిరేవాళ్ళు ఇద్దరేనా? ఊరికే కూర్చునే మనిషి లేకుండా చూశానన్నావు, అది చదివి నేను నవ్వుకున్నాను, అప్పుడే అడగాల్సింది.

విసిరే మనిషి ఊరికే కూర్చోవాలి. అదే ఆమె పని. ఒకరోజు విసిరితే నాలుగు రోజులు ఆ చెయ్యి ఏమీ చేయకూడదు. మిగతావాళ్ళు రోజూ ఆడతారు, ఆమె ఆడకూడదు. జట్టుకి ఐదుగురుంటారు, వంతులవారీగా. బాగా విసురుతోంది కదా అని వంతు మారిస్తే అది బాగా విసరడం ఆగదు, వదినా, నొప్పి చెప్పదు, గెలుస్తూనే ఉంటుంది, ఒకరోజు అయిపోతుంది. భుజం బస్సు కాదు. దానికి వేరే సామాను తెచ్చి బిగించలేరు.

నాకు కోపంగా ఉంది. ఎవరి మీదో సరిగ్గా తెలియడం లేదు. ఆపు.

మరదలు

*

ఇల్లు, వంటింటి బల్ల

మరదలమ్మాయికి,

నీ ఉత్తరం ఈరోజు వచ్చింది. మూడు రోజులు ఆలస్యం.

మిరపగింజ చెయ్యి పోయింది. ఉప్పుపేట మీద గెలుస్తున్న ఆటలోనే. తెర మీద ఒక్క వాక్యం వచ్చింది, భుజం నరం తెగింది, ఇక ఆడదు అని. నేను రెండుమూడుసార్లు చదివాను. అలసట ఎంత ఉండాలి, దెబ్బలు ఎంత తగలాలి అని మొదట్లో ఆట అడిగినప్పుడు నిజంలో ఎంతో అంతే అని నేనే పెట్టాను. మార్చుకోవచ్చు, వెనక్కి వెళ్ళి మళ్ళీ ఆడించవచ్చు. చేయలేదు. అలా చేస్తే నేను ఏం చేశానో నాకే కనబడకుండా పోతుంది.

నాకు సిగ్గుగా ఉంది. డిపోలో స్పేర్ బండి కోసం గొడవపడేది నేనే. అన్ని బళ్ళూ రోడ్డు మీదే ఉంటే ఒకటి ఆగిపోయిన రోజున జనం నడిరోడ్డు మీద నిలబడతారు, ఒక్కటైనా షెడ్డులో ఖాళీగా ఉండాలి అని పై అధికారి బల్ల మీద గుద్ది చెప్పినదాన్ని. ఇనుముకి అడిగిన సెలవు మనిషి చేతికి అడగాలని నాకు తోచలేదు. బాగా నడిచే బండి కదా అని దాన్నే మళ్ళీ మళ్ళీ వేశాను. అందమైన షెడ్యూలు అని నీకు గొప్పగా రాశాను కూడా.

ఇక మాట తప్పుతున్నాను. బట్టల గురించి కాదు, మనిషి గురించే. ఆ వాక్యం వచ్చినప్పుడు మీ అన్నయ్య నా వెనకే ఉన్నాడు. చదివి, బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. నేను కుంటుకుంటూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. "నేనూ సరిగ్గా ఇట్లాగే చేశాను," అన్నాడు. "దాని చెయ్యే కదా బాగుంది, ఇంకెవరికిస్తాను అనుకున్నాను. అంతకుమించి ఏమీ అనుకోలేదు. అనుకోవాల్సింది." ఆ తర్వాత ఇంకో మాట చెప్పాడు. బాలికల స్కూలుకి వెళ్ళి నిన్ను పిలవమని చెప్పింది తనేనట. వాళ్ళు తనని అడిగితే, నాకు నేర్పడం రాదు, మా చెల్లెలికి వచ్చు, దానికి మాత్రమే వచ్చు అన్నాడట. ఎవరు చెప్పారో నీకు చెప్పొద్దని పెద్ద టీచరు దగ్గర మాట తీసుకున్నాడు.

నేను నిన్ను ఏమీ అడగడం లేదు. మిరపగింజకి నా మీద కోపం వస్తే బాగుండునని ఉంది. దానికి కోపం రాదు, అది అంకెలు.

నీ వదిన

*

కొండ మీద, వాతావరణ కేంద్రం, గాలి గది

వదినకి,

రెండు జీపులు వదిలేశాను, రాయలేక. క్షమించు.

నీ ఉత్తరం చదివినప్పుడు నీ మీద కోపం వచ్చింది. నిజంగా వచ్చింది, ఒక బొమ్మ పిల్ల కోసం. టీ కాగేలోపు పోయింది. వదిన కావాలని చేస్తుందా, నీకంటే జాగ్రత్తగల మనిషి ఎవరున్నారు, తెలియక చేసింది అనుకున్నాను. అంత తేలిగ్గా ఎలా పోయిందా అని ఆలోచించడం మొదలుపెట్టాను. అక్కడ చిక్కుకుపోయాను.

నీకు ఎప్పుడూ చెప్పలేదు కదా, ఇప్పుడు చెబుతాను. ఆ ఏడాది మా స్కూలు జట్టుకి అన్నయ్యే నేర్పేవాడు. బస్సుల షెడ్డులో పని దిగి, గ్రీజు చేతులతోనే మైదానానికి వచ్చేవాడు. పోటీల్లో మేం గెలుస్తూ పోయాం. ప్రతి ఆటకీ బంతి నా చేతిలోనే పెట్టాడు. ప్రతి సాయంత్రం ఇంటికి వచ్చాక తన చేత్తోనే నా భుజానికి మందు రాసేవాడు. మందు రాస్తూ మర్నాటి ఆట గురించి మాట్లాడేవాడు. ఆఖరి ఆటలో నా చెయ్యి పైకి లేవలేదు, ఇప్పటికీ పూర్తిగా లేవదు. గాలి పరికరాలు చూడటానికి నేను కుడి చేత్తో నిచ్చెన ఎక్కుతాను. మందు రాసే మనిషికి తెలియకుండా ఉంటుందా, తెలిసే ఇచ్చాడు, గెలుపు కోసం ఇచ్చాడు అని ఇన్నేళ్ళూ అనుకున్నాను. అనుకోవడం కూడా కాదు, దాని మీదే నిలబడ్డాను.

ఇప్పుడు నువ్వు, ఓడిన ఊరికి మొదటి హక్కు ఇచ్చే నువ్వు, స్పేర్ బండి కోసం కొట్లాడే నువ్వు, అదే చేశావు. మురిసిపోతూ చేశావు. దాని ఆట చూసి చప్పట్లు కొడుతూ చేశావు. నీకు తోచలేదంటే నేను వెంటనే నమ్మాను. అన్నయ్యకి తోచలేదంటే ఎందుకు నమ్మలేదు? ఆ ప్రశ్న పట్టుకుని రెండు వారాలు ఈ గదిలో కూర్చున్నాను. మాస్టారు రెండు పూటలా భోజనం గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళారు. మంచి మనిషి, ఉప్పుపేట పక్షమైనా.

స్కూలుకి ఎందుకు రానంటానో కూడా రాస్తాను. అన్నయ్య మీద కోపం ఒక్కటే కాదు. ఆ పిల్లల్లో ఒకత్తి బాగా విసురుతుంది, ఎవరో ఒకరు ఉంటారు. దాన్ని చూసి నేను మురిసిపోతాను. బంతి దాని చేతికే ఇస్తాను. ఆ భయం నాకు మొదటి నుంచీ ఉంది, పేరు మాత్రం ఇప్పుడే దొరికింది.

నీ లీగు ఎత్తేయకు. అంత మంచి లీగుని ఎత్తేయకూడదు. జట్టుకి ఐదుగురిని పెట్టు. ఒకరు విసిరిన మర్నాటి నుంచి నాలుగు రోజులు ఆ చేతికి సెలవు. ఎంత గొప్ప ఆట అయినా సరే, ఆఖరి ఆట అయినా సరే. లీగు పుస్తకంలో అది మొదటి రూలుగా ఉండాలి.

నీ మరదలు

*

డిపో పై అంతస్తు, టైమ్‌టేబుల్ గది

మరదలమ్మాయికి,

డిపోకి వచ్చేశాను, కర్ర పట్టుకుని. నా కుర్చీలో కూర్చున్నావిడ మంచిదే పాపం, కాకపోతే అన్ని బళ్ళనీ ఒకేసారి డీజిలుకి పంపింది. సర్దుతున్నాను.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. నీలా రాయడం నాకు రాదు, అందుకని అంతే రాస్తున్నాను. నిజం ఇంత సూటిగా చెప్పుకోగలిగిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. ఆ ఉత్తరం మీ అన్నయ్యకి చూపించలేదు. అది నువ్వు చెప్పాల్సింది.

లీగు మళ్ళీ కట్టాను. షెడ్యూలు మొదట్నుంచీ వేశాను. ఐదుగురు, వంతులవారీగా, చేతికి సెలవు. మొదట్లో చూస్తే నా ప్రాణం గిలగిల్లాడింది, ఎంతమంది ఊరికే కూర్చున్నారో అని. ఇప్పుడు అలవాటైంది. ఒక విచిత్రం చెప్పనా, ఆటలు ఇదివరకటి కంటే బాగున్నాయి. ప్రతి ఊరికీ ఒక మంచి రోజు వస్తోంది. నిద్రగన్నేరు కూడా ఒకరోజు గెలిపించింది. నాపరాళ్ళు పైకి వచ్చింది. ఇంత మంచి రూలు నాకు నువ్వు ఇచ్చావు, లీగు నాదైనా ప్రాణం నీది.

అసలు సంగతి ఇది. కొత్త ఏడాది మొదలుపెట్టగానే జట్లకి నేర్పేవాళ్ళని కంప్యూటరు తనంతట తానే కూర్చింది. పొగమంచుపాడుకి, బంతి విసరడం నేర్పే మనిషి, మిరపగింజ. ఒట్టు, నేను వేలు పెట్టలేదు. ఆట మానేసినవాళ్ళలో కొందరు అలా తిరిగొస్తారని ఆటలోనే ఉందట, నాకు తెలియదు. మీ అన్నయ్యని పిలిచి చూపించాను. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు. "పిలిస్తే వచ్చిందన్నమాట," అన్నాడు. అంతే అని, నీళ్ళు తాగడానికి వెళ్ళాడు.

పెద్ద టీచరు శుక్రవారం దాకా చూస్తానన్నారు.

నీ వదిన

*

కొండ మీద, వాతావరణ కేంద్రం

అన్నయ్యా,

వదినకి రాసే ఉత్తరం కాదిది. కవరు మీద నీ పేరు చూసి పొరపాటున వచ్చిందేమో అనుకుంటావు, పొరపాటు కాదు.

స్కూలుకి వస్తానని రాశాను. పెద్ద టీచరుకి ఈ జీపులోనే వెళుతోంది. ఒక షరతు పెట్టాను, నేను ఒక్కదాన్నే రానని. నీ గురించి వాళ్ళతో, నేర్పడం రాదు అన్నావట. అబద్ధం. నాకు విసరడం ఎవరు నేర్పారు? మణికట్టు ఎలా తిప్పాలో చూపించడానికి నువ్వు కుడిచేతివాడివై ఉండి నాకోసం ఎడం చేత్తో విసరడం నేర్చుకున్నావు. రోజూ పని దిగి, తిండి తినకుండా గోడకి విసిరేవాడివి. అది నేను మరిచిపోలేదు. మరిచిపోయినట్టు ఉన్నానంతే. నీకంటే బాగా నేర్పే మనిషిని నేను చూడలేదు. మన ఇద్దరికీ రానిది ఒక్కటే, ఆపడం.

అందుకని ఇలా చేద్దాం. నీ జేబుల్లో నట్లు ఇంకా ఉంటున్నాయని వదిన రాసింది. మైదానానికి వచ్చేటప్పుడు కుడి జేబులో నేను చెప్పినన్ని వేసుకో. పిల్ల ఒక బంతి విసిరితే ఒక నట్టు ఎడం జేబులోకి. కుడి జేబు ఖాళీ అయిందంటే ఆమె దగ్గర బంతి తీసేసుకో. అప్పుడు ఆమె ఇంకొక్కటి అంటుంది, ఇవ్వకు. నేను కూడా ఇంకొక్కటి అంటాను. ఆ పిల్ల అంత బాగా విసురుతుంటే తప్పకుండా అంటాను, నాకు తెలుసు. నాకు కూడా ఇవ్వకు.

శనివారం సాయంత్రం బండికి దిగుతున్నాను. వదినని మెట్లు దిగనివ్వకు, మోకాలు ఇంకా గట్టిపడలేదు. స్టాండ్‌కి నువ్వు రా.

చెల్లెలు